ఇనుముతో బృహదణువులు

పల్నాటిలో క్రోసూరు ప్రాంతపు ప్రత్తిచేలో పండే దూదిపోగు ప్రకృతి నిర్మించిన బృహదణువు. అదే చేను గట్టున ఉండే ఎరువుల సంచీ మానవుడు నిర్మించినది. ఈ రెండవ జాతి పదార్థాల తయారీకి నాగలి కర్రులోని ఇనుము సైతం తోడ్పడగలదని చాలాకాలం ఎవరూ తలచలేదు.

1933లో ఇంగ్లండులో ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ అనువారు ఇథిలీన్ వాయువును వేయికి పైగా వాతావరణ పీడనాలకు గురిచేసి వేడిచేయగా, మైనం వంటి తెల్లని పదార్థం లభించింది. అదే పాలిథీన్. అందులోని అణువులు కొమ్మలు వేసిన చెట్లవలె ఉండి దగ్గరగా అమరవు. అందుచేత అది మెత్తన. కొమ్మలు లేని గొలుసులైతే మోపులోని కట్టెలవలె వరుసగా పేరుకొని, స్ఫటికరూపం పొంది గట్టిపడతాయి.

అట్టి గొలుసులను మామూలు పీడనంలోనే తయారుచేసే మార్గం 1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్‌కు దొరికింది. దానికి మొదలు ఒక వైఫల్యం. అల్యూమినియం సమ్మేళనంతో గొలుసును పెంచబోగా, రెండు ఇథిలీన్ అణువులు మాత్రమే కలిసి బ్యూటీన్‌గా ఆగిపోయాయి. పాత్రలో లేశమాత్రంగా ఉన్న నికెల్ ఇందుకు కారణమని తేలింది. తక్కిన లోహాలనూ పరీక్షించగా, టైటానియం గొలుసును బాగా పెంచింది. మరుసటి సంవత్సరం ఇటలీలో జూలియో నట్టా స్ఫటిక పాలీప్రొపిలీన్‌ను సాధించాడు. 1963లో ఇద్దరికీ నోబెల్ బహుమానం లభించింది.

ఆవర్తన పట్టికలో ఇనుము, కోబాల్ట్, నికెల్ ఇరుగుపొరుగులు. పెరుగుతున్న గొలుసు నుండి ఉదజని పరమాణువును లాగుకొని, గొలుసును విడిచివేయటం వీటి స్వభావం. అందుచేత నలుబది ఏండ్లపాటు వీటిని ఈ పనికి తగవని భావించారు. 1995లో అమెరికాలో మారిస్ బ్రూక్‌హార్ట్, నికెల్ చుట్టూ పెద్ద అణుసముదాయాలను గోడలవలె నిలిపి గొలుసు తెగకుండా కాపాడాడు. 1998లో ఆయన బృందమూ, లండన్‌లో వెర్నన్ గిబ్సన్ బృందమూ విడివిడిగా ఇనుముతో ఆ పని చేశారు. మూడు నత్రజని పరమాణువులు ఇనుమును పట్టి ఉంచుతాయి; రెండు బెంజీన్ వలయాలు దానికి అడ్డుగా నిలుస్తాయి. వలయాల మీది సముదాయాలు పెద్దవైతే పొడవైన గొలుసులు, చిన్నవైతే పొట్టి గొలుసులు పుడతాయి.

పొడవైన గొలుసులు బలాన్నిస్తాయి గాని, కరిగినపుడు సులభంగా పారవు. ఇనుప ఉత్ప్రేరకం వద్ద కొన్ని గొలుసులు అల్యూమినియం మీదికి మారి పొట్టిగానే ఆగిపోతాయి. కరిగిన ముద్ద సాఫీగా పారటానికి ఇవి తోడ్పడతాయి. ఈ రెంటి పాళ్లను అదుపులో ఉంచటమే శాస్త్రజ్ఞుని నేర్పు.

ఇనుము చవక, పుష్కలం, విషగుణం తక్కువ. అయితే వేడి హెచ్చితే ఈ ఉత్ప్రేరకాలు త్వరగా శక్తి కోల్పోతాయి. అందుచేత పరిశ్రమలలో నేటికీ టైటానియం, క్రోమియంలదే పైచేయి. అయినా, పనికిరాదని పక్కనబెట్టిన లోహం తగిన పరిసరాలు కల్పించగానే పనిచేసిన తీరు విద్యార్థులు గమనింపదగినది.