కాకినాడ లోలకాలు

కాకినాడలో ఒకప్పుడు లోలకాన్ని ఊపింది మేజిక్ కోసం కాదు, భూమి లాగే బలం ఎంతో కొలవడానికి. మహా త్రికోణమితి సర్వే తరఫున కెప్టెన్ జేమ్స్ పల్లాడియో బాసెవి 1865లో భారతదేశంలో ఆ పని మొదలుపెట్టాడు. లండన్‌లోని రాయల్ సొసైటీ రెండు ఇత్తడి లోలకాలు అరువిచ్చింది. అవి రోజుకు సుమారు 86 వేల సార్లు ఊగేవి. గురుత్వం ఎక్కువున్న చోట ఆ లెక్క ఓ పిసరు పెరుగుతుంది. మద్రాసు, బెంగళూరు, కొడంగల్‌తో పాటు కాకినాడా ఆ పరిశీలనా కేంద్రాల్లో ఒకటి. గాలి తీసేసిన పాత్రలో లోలకాన్ని ఊగనిచ్చి, గడియారంతో సరిపోల్చేవారు. మనిషి చెయ్యి తగలకుండా, గాలి కూడా సోకకుండా ఇంత కట్టుదిట్టం. 1871 జులైలో లద్దాఖ్‌లోని మోరే మైదానంలో పని చేస్తూనే బాసెవి కన్నుమూశాడు. సముద్ర తీరాల్లో గురుత్వం అనుకున్నదానికంటే ఎక్కువగా, హిమాలయాల్లో తక్కువగా ఉందని ఆ సర్వే తేల్చింది.

మేజిక్ లోలకం సంగతి ఇందుకు పూర్తిగా ఎదురు. దానికి మనిషి చెయ్యే ప్రాణం.

ఇది కొత్త విద్యేం కాదు. క్రీ.శ. 371లో రోమన్ సామ్రాజ్యపు ఆంటియోక్‌లో కొందరు అక్షరాలు చెక్కిన పళ్లెం మీద దారానికి ఉంగరం వేలాడదీసి, తరువాతి చక్రవర్తి ఎవరని అడిగారు. ఉంగరం ‘థియోడ్’ దాకా అక్షరాలు చూపింది. ఆ సంగతి వాలెన్స్ చక్రవర్తి చెవిన పడింది. థియోడోరస్ అనే ఉద్యోగికి మరణశిక్ష పడింది.

ఆ ఉంగరం గుట్టు విప్పినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్. పాదరసం మీద లోలకం పట్టుకుంటే అది దానంతటదే ఊగడం ఆయన గమనించాడు. మధ్యలో గాజు పలక పెడితే ఆగుతుందనుకున్నాడు, ఆగింది. తరువాత కళ్లకు గంతలు కట్టుకుని చూశాడు. పలక ఎప్పుడు పెట్టారో, ఎప్పుడు తీశారో తనకు తెలియనప్పుడు దాని ప్రభావమే కనబడలేదు. ఊపుతున్నది తన వేళ్లేనని, తన ఆలోచనే వాటిని కదిలిస్తోందని 1833లో భౌతిక శాస్త్రవేత్త ఆంపియర్‌కు రాసిన బహిరంగ లేఖలో వివరించాడు. ఇంగ్లండులో కార్పెంటర్ అనే వైద్యుడు 1852లో దీనికి శాస్త్రీయమైన పేరు పెట్టాడు.

మెజీషియన్లకూ హిప్నటిస్టులకూ ఇది వరమైంది. ఈ రెండు విద్యలనూ తెలుగు వేదిక మీద కలిపిన వాళ్లలో 2025లో కన్నుమూసిన బి.వి. పట్టాభిరామ్ ముఖ్యులు. కాకినాడలో ఎం.బి. రావు దగ్గర ఆయన ఇంద్రజాలం నేర్చుకున్నారు. తరువాత హిప్నాటిజం గురించి తెలుగులో పుస్తకాలు రాశారు.

వేదిక మీద లోలకం పట్టుకునేది సాధారణంగా ప్రేక్షకుడే. ఉదాహరణకు, రూపాయి బిళ్ల ఏ గుప్పెట్లో ఉందో అతనికి తెలుసనుకోండి. నోరు విప్పకపోయినా చేతిలోని లోలకం చెప్పేస్తుంది. గుట్టంతా వేళ్లలోనే ఉంది కాబట్టి, చూపు అటు పోకుండా కొందరు ప్రదర్శకులు కొత్త వస్తువు కంటే పాతదాన్నే ఇష్టపడతారు. అరిగిన ఇనుప తాళంచెవి, జేబు గడియారం గొలుసు బిళ్ల, షాండిలియర్ గాజు పెంకు, చిన్న ఇత్తడి గంట నాలుక, ఇలా దేన్నైనా లోలకం చేయొచ్చు. వస్తువుకో కథ ఉంటే చూసేవాళ్ల మనసు దాని మీదే ఉంటుంది, వేళ్ల మీదికి పోదు.

అయితే కథొక్కటే చాలదు, తూకం కుదరాలి. కొక్కెం సరిగ్గా బరువు నడిమికి పైన పడకపోతే లోలకం వంకరగా వేలాడుతుంది. పురి పెట్టిన దారమైతే వస్తువు గిర్రున తిరిగి ఊపు కలగాపులగమవుతుంది. అల్లిన తాడో సన్నటి గొలుసో వాడితే ఆ బాధ ఉండదు. పొడవు పావు మీటరు ఉంటే ఒక పూర్తి ఊపుకు దాదాపు ఒక సెకను పడుతుంది. ఆ లయకు వేలికొసల సన్నటి కదలిక కలిస్తే ఊపు పెరుగుతూ పోతుంది. పది సెంటీమీటర్లకు కుదిస్తే సెకనులో మూడింట రెండొంతుల కంటే తక్కువే పట్టి, లోలకం హడావుడి పడుతుంది.

వేదిక దిగినా ఇదే కిటుకు కనిపిస్తుంది. బోరు వేయించే ముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగే వాళ్లు తెలుగు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. నీరున్న చోట కాయ నిలువుగా లేస్తుందంటారు. దారానికి కట్టిన ఉంగరంతో పుట్టబోయేది మగబిడ్డో ఆడబిడ్డో చెప్పడం చాలా చోట్ల ఉన్న ఆచారం. వీటన్నిటికీ షెవ్రూల్ పరీక్ష ఒకటే: కళ్లకు గంతలు కట్టడం. కొబ్బరికాయ పట్టినవాణ్ని అలా అదే పొలంలో రెండోసారి నడిపిస్తే చాలు.