వాల్‌స్ట్రీటులో 23వ నంబరు మేడ

న్యూయార్కు నగరమున వాల్‌స్ట్రీటు, బ్రాడ్‌స్ట్రీటు కలిసెడి మూలను ఒక పొట్టి రాతిమేడ కలదు. చుట్టును ఆకాశమునంటు భవనములు లేచినను అది మాత్రము కొలది అంతస్తులతోనే నిలిచియున్నది. 1914లో దానిని పూర్తిచేసినప్పుడు ద్వారముపై యజమానుల పేరు చెక్కింపలేదు. 23 అను నంబరే చాలుననుకొనిరి. అది జె. పి. మోర్గన్ సంస్థ కార్యాలయము. ఆ మేడ గోడపై వాల్‌స్ట్రీటు వైపున కొన్ని గుంటలు నేటికిని కన్పట్టును. ఆ గుంటల కథను, అట్టి గృహమున కొలువుచేసిన వారి కథను శ్రోతలకు విన్నవింపదలచితిమి.

పెట్టుబడి సంస్థ యనగా నేమి? మన ఊళ్ల షాహుకారు తన డబ్బును వడ్డీకిచ్చును. పెట్టుబడి సంస్థ పని వేరు. రైలుమార్గమునకో, ఉక్కు కర్మాగారమునకో, ఒక ప్రభుత్వమునకో కోట్లకొలది ధనము కావలసివచ్చినప్పుడు, అందుకు తగిన వాటాలను, ఋణపత్రములను సిద్ధపరచి వేలకొలది మదుపుదారులకు అమ్మిపెట్టుట దాని వృత్తి. ఆ కాగితములపై జనులకు గల నమ్మకమే దాని సరకు. 1901లో మోర్గన్ సంస్థ నెలకొల్పిన యునైటెడ్ స్టేట్స్ స్టీల్ కంపెనీ మూలధనము 140 కోట్ల డాలర్లు. నూరుకోట్ల డాలర్లు దాటిన కంపెనీలలో లోకమున అదియే మొదటిది.

ఇంతటి వ్యవహారమును నడపిన భాగస్వాములు పదిమంది చిల్లర మాత్రమే. భాగస్వామ్యము అడిగి పొందదగినది కాదు, మోర్గన్ పిలువవలెను. పిలుపు వచ్చినవాడు ఐశ్వర్యవంతుడగుట నిజమే. కాని సంస్థ దివాలా తీసినచో ప్రతి భాగస్వామియు తన సొంత ఆస్తితో సహా అప్పులకు బాధ్యుడు. ఆ భయము ఒకవైపు, పరుల ధనమను బరువు మరియొకవైపు ఉండగా, పగలు రాత్రి యను భేదము లేక పని సాగుచుండెను.

ఆ పని ఎట్టిదో చార్లెస్ కోస్టర్ జీవితము తెలుపును. 1893లో అమెరికాలో గొప్ప ఆర్థికసంక్షోభము పుట్టెను. కొలది కాలములోనే ఆ దేశపు రైలుమార్గములలో ఇంచుమించు నాలుగవవంతు దివాలా పాలై న్యాయస్థానముల అధీనమునకు పోయెను. అప్పులు తగ్గించి, వడ్డీలు సవరించి, పాత పత్రములకు మారుగ కొత్త పత్రములిచ్చి వానిని తిరిగి నిలువబెట్టు భారము మోర్గన్ సంస్థపై పడెను. ఆ లెక్కలన్నియు చూచినవాడు కోస్టర్. ఈరీ, సదరన్, నార్దర్న్ పసిఫిక్ వంటి మార్గముల పునర్నిర్మాణములో ఆయన హస్తము కలదు. ఏబదికి పైగా కంపెనీల పాలకవర్గములలో ఆయన సభ్యుడు. పగలు సభనుండి సభకు పరుగులిడి, సాయంకాలము కాగితముల సంచితో ఇల్లు చేరెడివాడు. తపాలాబిళ్ళల సేకరణలో ఆయనకు పూర్వము మంచి పేరుండెను. 1900 మార్చిలో న్యుమోనియా సోకి కొలదిదినములలోనే మరణించెను. అప్పటి కాయన వయస్సు 47 ఏండ్లు. జబ్బు న్యుమోనియాయే కావచ్చును. అధికశ్రమయే ఆయనను బలిగొన్నదని నాడు పలువురు తలచిరి.

సహభాగస్వామి రాబర్టు బేకన్ కూడ శ్రమ తాళలేక కొలది సంవత్సరములలో సంస్థను వీడెను. తరువాత ఆయన రాజకీయములలో ప్రవేశించి, 1909లో కొలది వారములు అమెరికా విదేశాంగమంత్రి పదవి నిర్వహించెను. కొలువును విడుచుట ఆయనకు మేలే చేసినదనవలెను.

భాగస్వాముల కైనను లాభములో భాగము కలదు. వారి క్రింద ఆవర్జాలు వ్రాయు గుమాస్తాలకు, ఉత్తరములు టైపుచేయు యువతులకు, కాగితములు మోయు కుఱ్ఱవాండ్రకు ఉన్నది నెలజీతమే.

1920 సెప్టెంబరు 16, గురువారము. మధ్యాహ్నము పండ్రెండు గంటలు కొట్టినవి. పనివారు భోజనమునకై వీథిలోనికి దిగుచుండిరి. మేడ కెదురుగ ఆగియున్న ఒక గుఱ్ఱపుబండిలో డైనమైటు ప్రేలెను. అందులో నింపిన ఇనుపముక్కలు నలుదెసలకు ఎగసినవి. 38 మంది మరణించిరి. వందలకొలది జనులు గాయపడిరి. మృతులలో పెక్కుమంది గుమాస్తాలు, టైపిస్టులు, వార్తలు మోయు కుఱ్ఱవాండ్రు. ధనస్వాములపై ఆగ్రహముతో ఎవరో చేసిన పని యని ఊహించిరి గాని, నేరస్థుడు నేటికిని తేలలేదు. యజమాని చిన్న మోర్గన్ ఆనాడు బ్రిటనులో నుండెను. భాగస్వాములలో ఎవ్వరును మరణింపలేదు. ధనికులను ఉద్దేశించిన దెబ్బ జీతగాండ్రకు తగిలెను.

మరునాడే సంస్థ తలుపులు తెరచెను. తలలకు, చేతులకు కట్లు కట్టుకొనిన గుమాస్తాలు తమ బల్లలయొద్ద కూర్చుండిరి. వారిని రప్పించినది ధైర్యమో, యజమానిపై భక్తియో, జీతము పోవునను భయమో మనము నిర్ణయింపజాలము. మూడును కొంతకొంత ఉండవచ్చును. గోడపై గుంటలను సంస్థ పూడ్పింపలేదు.

ఋణమునకు మొదటి ఆధారము ధనము కాదు, మనుష్యుని శీలమని పెద్ద మోర్గన్ 1912లో చట్టసభ విచారణసంఘము ఎదుట చెప్పెను. 1933లో జరిగిన మరియొక విచారణలో, ఆయన కుమారుడును భాగస్వాములును 1931, 1932 సంవత్సరములకు ఆదాయపుపన్ను చెల్లింపలేదని బయటపడెను. నష్టములు చూపినందున చట్టము దానికి అడ్డుచెప్పలేదు. అయినను పని లేక అలమటించుచున్న జనులు దానిని క్షమింపలేదు. ఆ సంవత్సరమే వచ్చిన చట్టము, డిపాజిట్లు తీసికొను బ్యాంకును, పత్రములు అమ్ము సంస్థను వేరుచేయవలెనని శాసించెను. మోర్గన్ గృహము డిపాజిట్ల పనిని ఉంచుకొనెను. కొందరు భాగస్వాములు, ఉద్యోగులు వెలికివచ్చి మోర్గన్ స్టాన్లీ సంస్థను స్థాపించిరి. అది పని ప్రారంభించినది 1935 సెప్టెంబరు 16న. ప్రేలుడు జరిగి సరిగా పదునైదేండ్లు. ఆ చట్టములోని ముఖ్యమైన అడ్డంకులు 1999లో తొలగింపబడినవి.

ఆవర్జాలు పోయి కంప్యూటర్లు వచ్చినవి. పని తరుగలేదు. 2021లో న్యూయార్కులోని ఒక పెద్ద సంస్థలో మొదటి సంవత్సరపు ఉద్యోగులు 13 మంది తమ స్థితిగతులను పత్రముగ వ్రాసి అధికారులకు సమర్పించిరి. వారు వారమునకు సగటున 95 గంటలు పనిచేయుచు, రాత్రి ఐదుగంటలు నిదురించుచుంటిమని చెప్పుకొనిరి. వారమునకున్నవి 168 గంటలే కదా! కోస్టర్ మోసిన కాగితముల సంచిని నూటయిరువది యేండ్ల తరువాత వారును మోయుచుండిరన్నమాట.

ఇది దూరదేశపు ముచ్చట యని మనము తోసివేయరాదు. ఇట్టి సంస్థల కార్యాలయములు నేడు హైదరాబాదులో కలవు. మన బిడ్డలు అందు కొలువు చేయుచున్నారు. పని నేర్చుటకు, తెలివికి పదును పెట్టుటకు అది మంచి చోటే. కోస్టర్ నిలువబెట్టిన రైళ్లు నడచినవి. ఋణపత్రములలో దాచిన కుటుంబముల సొమ్ము కొంతయైనను దక్కినది. ఆ కష్టమును తక్కువచేసి చెప్పుట మా ఉద్దేశము కాదు. కాని మన యింటినుండి అట్టి కొలువునకు బిడ్డ పోవునప్పుడు, జీతమెంత యని అడిగి ఊరకుండక, రాత్రి ఎన్ని గంటలకు ఇల్లు చేరుచున్నావని కూడ అడుగుట పెద్దలకు తగును.