సిమ్యులేషన్‌లో ఎవరూ రాయని లైను

విశాఖపట్నం అంటే మనవాళ్ళకి పోర్టు, ఉక్కు ఫ్యాక్టరీ, ఆ తర్వాత రుషికొండ ఐటీ కంపెనీలు. 1966లో ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అని ఊరు ఊగిపోవడానికి సుమారు పదేళ్ళ ముందే, ఇక్కడ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఒక సన్యాసి అణుభౌతిక శాస్త్ర విభాగాన్ని నిలబెట్టారని ఎంతమందికి తెలుసు?

ఆయన స్వామి జ్ఞానానంద. పూర్వాశ్రమంలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు, 1896లో పుట్టిన గోదావరి జిల్లా మనిషి. హిమాలయాల్లో తపస్సు చేసి, తర్వాత ఐరోపా వెళ్ళి, లివర్‌పూల్‌లో చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పరిశోధన చేశారు. బీటా కిరణాలంటే ఏవో కాదు, కేంద్రకంలోంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లే. అయస్కాంతం మధ్య వాటి దారి ఎంత వంగిందో కొలిస్తే శక్తి తెలుస్తుంది.

ఇదే సూత్రాన్ని తిరగేస్తే ఫ్రీ ఎలక్ట్రాన్ లేజర్. 1971లో జాన్ మేడీ ప్రతిపాదించాడు. ఉత్తర, దక్షిణ ధ్రువాలు మార్చి మార్చి పేర్చిన అయస్కాంతాల మధ్య ఎలక్ట్రాన్లు పాములా మెలికలు తిరుగుతూ కాంతిని వదుల్తాయి. మెలిక 5 సెంటీమీటర్లు, ఎలక్ట్రాన్ శక్తి 8 ఎంఈవీ, అయస్కాంతం ఓ మోస్తరు బలం అనుకుంటే, లెక్క ప్రకారం సుమారు 2 టెరాహెర్ట్జ్ వస్తుంది. ఎక్స్‌రేలకైతే కిలోమీటర్ల యంత్రం కావాలి, టెరాహెర్ట్జ్‌కి ఒక హాలు చాలు. ఢిల్లీలోని ఐయూఏసీ వాళ్ళు తలపెట్టింది ఇలాంటిదే.

ఇంతకీ మన కోడుకి పని ఎక్కడంటే, శక్తి తక్కువైనకొద్దీ ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి గట్టిగా తోసుకుంటాయి. ఒక నానోకూలంబు గుంపులో ఉండేవి దాదాపు 624 కోట్లు. జతజతకీ లెక్క కట్టే లూపు రాస్తే మన జన్మ చాలదు! అందుకే వేల ఎలక్ట్రాన్లని ఒక్క పెద్ద కణంగా కట్టేస్తారు. కణాలు తగ్గితే రాని రొద వచ్చిపడుతుంది, దాన్ని అణచడానికి మొదటి స్థానాల్ని జాగ్రత్తగా అమర్చాలి. ఇదంతా తెలివైన పనే, కాదనను.

కానీ ఒక్క సంగతి చూడండి. ఈ ప్రోగ్రాముల్లో సాధారణంగా ‘శూన్యం’ అనే లైను ఉండదు. గాలి లేదని అనుకుని మొదలుపెడతాం, అది ఉచితం. ప్రయోగశాలలో ఆ శూన్యం కోసం పంపులు బిగించాలి, లీకులు వెతకాలి. స్వామీజీ 1947లో అచ్చయిన ‘హై వాక్యువా’ అనే పుస్తకం మొత్తం ఆ రాయని లైను గురించే.

నా అభిప్రాయం ఒకటే. ఈ ఊళ్ళో కోడు రాసేవాళ్ళకి కొరత లేదు. లీకు పట్టుకోగల చేతులు కూడా అంతే మర్యాదగా తయారవ్వాలి. లేకపోతే మన సిమ్యులేషన్లు ఎంత చక్కగా నడిచినా, యంత్రం మాత్రం ఇంకెవరో కడతారు. మనం వాళ్ళ కొలతలకి లెక్కలు కట్టిపెడుతూ ఉంటాం.