మన చేలలో ట్రాక్టర్ పొగ: దాన్ని కొలిచిన చరిత్ర

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు 1970లో కర్నూలు జిల్లా నుంచి విడిపోయి ఒంగోలు వైపు చేరిన సంగతి మీకు తెలుసు. మన చేలల్లో తిరిగే ట్రాక్టర్ పొగకి కూడా ఒక చరిత్ర ఉంది. అది మాత్రం ఎవరూ చెప్పరు.

ఫరీదాబాద్‌లో ఐషర్ కంపెనీ స్వదేశీ ట్రాక్టర్‌ని బయటికి తెచ్చింది 1959లో. ట్రాక్టర్ పొగకి ప్రభుత్వం హద్దు పెట్టింది 1999లో. మధ్యలో నలభై ఏళ్లు! ఆ నిబంధనల పేరు భారత్ ట్రెమ్. 2003లో రెండో దశ, 2005లో మూడోది, 2010-11లో 3ఏ వచ్చాయి. నాలుగో దశ 2020 అక్టోబరులో రావాలి. వాయిదాలు పడీ పడీ 2023 జనవరి 1న వచ్చింది. అదీ 50 హార్స్ పవర్ దాటిన వాటికే. దేశంలో అమ్ముడయ్యే ట్రాక్టర్లలో ఎక్కువ భాగం అంతకు లోపువే, అంటే అప్పుడు పాత హద్దులోనే ఉండిపోయాయి. 50 హార్స్ పవర్ దాటగానే వచ్చే తరగతిలో మసి హద్దు 3ఏలో 0.4 గ్రాములు, నాలుగో దశలో 0.025. పదహారో వంతు అన్నమాట.

సరే, కొలిచేదెట్లా? ఇంజన్‌ని ల్యాబ్‌లో డైనమోమీటర్‌కి బిగిస్తారు. ఎనిమిది రకాల స్పీడు, లోడుల దగ్గర నిలకడగా నడిపి సగటు తీస్తారు. మన చేను అట్లా నిలకడగా ఉంటదా? రాళ్ల నేలలో నాగలి దిగబడితే ఇంజన్ ఒక్కసారిగా గుంజుతుంది, డీజిల్‌కి సరిపడా గాలి అందక నల్లపొగ కక్కుతుంది. దుమ్ముకి ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే ఇంకా ఎక్కువ.

ల్యాబ్ లెక్క వేరు, బయట లెక్క వేరు అని ప్రపంచానికి గట్టిగా తెలిసింది 2015లో, ఫోక్స్‌వ్యాగన్ కార్ల మోసం బయటపడినప్పుడు. అమెరికాలో వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు కారులోనే పరికరం పెట్టుకుని రోడ్డు మీద కొలిచారు. యూరప్ 2016 చట్టంలో పొలం, నిర్మాణ యంత్రాల ఇంజన్లని కూడా పనిలో ఉండగా పరిశీలించాలని రాసుకుంది.

పొగ గొట్టానికి గొట్టం తగిలించి, వాయువులు, పొగ ప్రవాహం, జీపీఎస్ అన్నీ సెకను సెకనుకి నమోదు చేస్తారు. కష్టం ఎక్కడంటే కుదుపులు, దుమ్ము. పైగా పాత ట్రాక్టర్లలో కంప్యూటర్ ఉండదు కాబట్టి ఇంజన్ మీద ఎంత లోడు పడిందో డీజిల్ ఖర్చు, స్పీడు చూసి లెక్కగట్టాలి.

ఇది మనకెందుకు అంటారా? డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. కంది నూర్పిడప్పుడు ట్రాక్టర్ ఒకేచోట గంటల తరబడి ఆడుతుంది. దాని పక్కన నిలబడేది ఎవరు? మన తండాల, గూడేల అమ్మలు, అన్నలు. ఏ దశ నిబంధనా వాళ్లు పీల్చేదాన్ని కొలవలేదు.

మనలో డిప్లొమా, ఇంజనీరింగ్ చదివేవాళ్లు ఉన్నారు. ప్రాజెక్టుకి ఊరికే నెట్‌లో వెతకొద్దు తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్రప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అడగండి. ముందు మన చేను దగ్గరే కొలవడం మొదలుపెట్టండి.