చేతిలో రూపాయి, పక్కన మనిషి

గుంటూరు సీమలో ముసలితనం కథ చెప్పాలంటే నందన కరువు దగ్గర మొదలుపెట్టాలి. 1832–33లో వానలు మొహం చాటేశాయి. జిల్లాలో ఉన్న అయిదు లక్షల జనంలో రెండు లక్షల మంది దాకా పోయారని అంచనా. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు మద్రాసు బాట పట్టారు. ముసలీముతకా ఉన్నచోటే ఉండిపోయారు. ఆ తర్వాత 1855 నాటికి బెజవాడ ఆనకట్ట లేచి పల్లపు ఊళ్లు తేరుకున్నాయి గానీ, మెట్ట మాత్రం మబ్బుకేసి చూస్తూనే ఉంది.

మెట్టలో పెద్దవాళ్ల పరువు భూమిని పట్టుకుని ఉండేది. లోకం తెలిసిన ఆసామి పంపకాలప్పుడు ఎకరమో రెండెకరాలో తన పేరనే అట్టిపెట్టుకునేవాడు. కడదాకా కూడు పెట్టినవాళ్లకే తదనంతరం ఆ చెక్క. దీన్ని పిసినారితనం అన్నవాళ్లున్నారు, నాకైతే ఇంతకు మించిన బీమా కనబడదు. మొత్తం రాసిచ్చేసినవాళ్లు కొడుకుల ఇళ్ల మధ్య వంతులు తిరిగారు. సెంటు భూమి లేని కూలీకి ఆ బేరమూ లేదు, ఒళ్లు వంగినన్నాళ్లూ పనే. మిరప తొడిమలు తీసే గుంపుల్లో ఇవాళ్టికీ ముసలమ్మలుంటారు. కూర్చుని చేసే పని, చూపు కొంచెం ఆనితే చాలు. ఘాటుకు దగ్గుతూనే తీస్తారు.

పడమట ముసలితనం వయసు కోసం ఆగలేదు. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవి, 1970లో ప్రకాశంలో కలిశాయి. ఎద్దులు కుంటుతున్నాయని, లేవలేకపోతున్నాయని ముందు పసిగట్టింది రైతులే. మనుషుల్లోనూ ఆ జబ్బే ఉందనీ, కారణం బావినీళ్లలోని ఫ్లోరైడ్ అనీ 1937లో డాక్టర్ షార్ట్ బృందం ప్రకటించింది. దేశంలో ఫ్లోరోసిస్ మొదట బయటపడింది ఇక్కడే. నలభై ఏళ్లకే నడుం బిగుసుకుపోయినవాడికి అరవై నిండితేనే పింఛను అంటే ఏం చెప్పాలి?

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లొదిలారు. నల్లరేగడి మీద పత్తి తెల్లబంగారమైంది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి, 1987లో తెల్లదోమ ఆ బంగారాన్ని మసి చేసింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తిరైతులు చేనుకు కొట్టే పురుగుమందే తాగారు. మనం చనిపోయినవాళ్లను లెక్కపెట్టాం. కొడుకు అప్పునూ మనవళ్లనూ భుజాన వేసుకుని మళ్లీ కూలికెళ్లిన తల్లిదండ్రులు ఆ లెక్కలోకి రాలేదు. తట్టుకున్న కుటుంబాలు పిల్లల్ని చదివించాయి. చదువు హైదరాబాదుకూ అక్కణ్నుంచి అమెరికాకూ తీసుకుపోయింది. మేడలు లేచాయి, మేడలో ఇద్దరే మిగిలారు.

ఈలోగా సర్కారు రూపాయి ఇంటికొచ్చింది. కేంద్రం 1995 ఆగస్టు 15న మొదలుపెట్టిన పింఛను నెలకు 75 రూపాయలు. రాష్ట్రంలో అది 2014లో వెయ్యి, 2019 మొదట్లో రెండు వేలు అయింది. అదే ఏడాది అర్హత వయసు 65 నుంచి 60కి దిగింది. 2020 ఫిబ్రవరి నుంచి గడప దగ్గరికే తెచ్చివ్వసాగారు. 2022 జనవరి 1న ప్రత్తిపాడులో 2,500, 2024 జూలై 1న పెనుమాకలో 4,000 చొప్పున పంపిణీ మొదలుపెట్టారు. ఏ పార్టీ ఎంత పెంచిందన్న తగువు వాళ్లకే వదిలేద్దాం. మనవడి చేతిలో పది రూపాయలు పెట్టగలిగిన నాయనమ్మను కోడలు పిలిచే పిలుపే వేరు.

ఆస్తి పిల్లలకు రాసిచ్చేసినవాళ్లకు కూడా ఆసరాగా 2007లో చట్టం వచ్చింది. ఆర్డీవో ట్రిబ్యునల్‌కు అర్జీ పెడితే పోషణ ఖర్చు ఇప్పిస్తారు. చూసుకోవాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, మాట తప్పితే రద్దు చేయొచ్చు. ఒకనాటి ఆసామి ఎకరం అట్టిపెట్టుకుని చేసిన పనే ఇది. కాకపోతే కన్నకొడుకు మీద ఆఫీసు మెట్లెక్కడానికి ఎంతమంది తల్లులకు మనసొప్పుతుంది?

డబ్బు తీర్చలేనిది మంచం దగ్గర తేలుతుంది. పక్షవాతంతో పూర్తిగా మంచానపడ్డవారికి ఇప్పుడు నెలకు 15,000 ఇస్తున్నారు. మంచి పనే. అయితే పూటపూటకూ ఒళ్లు తుడిచి, పక్క మార్చి, వీపున పుండు పడకుండా చూడాలి, మూత్రపు గొట్టం మార్చాలి. ఆ చేతులు ఊళ్లో లేవు. పింఛను తెచ్చే ఉద్యోగి ఒకటో తారీఖున వచ్చి వేలిముద్ర తీసుకుని వెళ్లిపోతాడు. ఈసారి పెంచేది పింఛను కాకుండా, ఊరికి ఇద్దరు ఆడవాళ్లకు ఈ పని నేర్పి నెలజీతం ఇవ్వమంటాను. మిరప తొడిమల దగ్గర కూర్చున్నవాళ్లలోనే కావలసినంతమంది దొరుకుతారు.