దయ ఒకటి, సమానత ఇంకొకటి

మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే దారిలో ఉంటుంది గరిడేపల్లి. ఈ చుట్టుపక్కలే కాదు, తెలుగు నేలంతటా నూరేళ్ళకు పైగా ఆడవాళ్ళ పక్షాన మాట్లాడిన మగవాళ్ళకు కొదవలేదు. అయితే ఆడదాన్ని చూసి జాలిపడటం వేరు, ఆమె చోట తాను ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించటం వేరు. మొదటిది మనకు తొందరగానే అబ్బింది. రెండోది ఇంకా పూర్తిగా రాలేదు.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగాన్ని కదిలించింది కరుణే. దాని కోసం ఆయన వెలినీ తిట్లనూ భరించాడు. కోదాడ దాటితే వచ్చే పెనుగంచిప్రోలులో పుట్టిన భండారు అచ్చమాంబ కథ మరో రకం. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఆమె ఇంట్లోనే ఉండి చదువుకున్నాడు, అక్కకూ చదువు చెప్పాడు. తనకు దొరికిన చదువు అక్కకు ఎందుకు దొరకలేదో ఒకే కప్పు కింద బతుకుతూ చూశాడు. చూసిన వాడికి ఉపన్యాసం అక్కర్లేదు.

నిజాం రాజ్యంలో 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభతో పాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ జరిగింది. 1941లో ఎనిమిదో మహాసభ గరిడేపల్లికి దగ్గర్లోని చిలుకూరులోనే, రావి నారాయణరెడ్డి అధ్యక్షతన నడిచింది. అప్పటికి ఊరూరా వెట్టి. దొర గడి ముందు నడుం వంచి నిలబడ్డ మగవాడికి, అదే గడిలో తన ఇంటి ఆడవాళ్ళు పడే అవమానం విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. తర్వాత వచ్చిన తెలంగాణ సాయుధ పోరాటంలో మగవాళ్ళు ఆడవాళ్ళను తోటి యోధులుగా ఒప్పుకోవటానికి ఈ ఉమ్మడి గాయమే పెద్ద కారణమని నా నమ్మకం. కరివిరాల కొత్తగూడెం దొరల ఇంటి బిడ్డ మల్లు స్వరాజ్యం, అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి నడిచిన బాటలోనే తుపాకి పట్టింది. దళాన్ని నడిపింది. ఆమెను పట్టిస్తే పదివేలు ఇస్తామని సర్కారు ప్రకటించింది.

1951 అక్టోబరులో పోరాటం ఆగింది. దళాల్లోని ఆడవాళ్ళను ఇక ఇళ్ళకు వెళ్ళమన్నారు. ఆ బాధను ఆనాటి స్త్రీలే 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకంలో చెప్పుకున్నారు. అడవిలో ప్రాణభయాన్ని సమానంగా పంచుకున్న మగవాడు ఇంటికొచ్చాక పొయ్యి దగ్గరి చాకిరిని పంచుకోలేదు. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా కలచివేసే ఘట్టం ఇదే.

తర్వాత చట్టం ముందుకు నడిచింది. 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, 2005లో దేశమంతటా కూతురికీ హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో సమాన వాటా వచ్చింది. పంచాయతీల్లో మహిళలకు సీట్లు వచ్చాయి, వాటి వెనుకే సర్పంచి భర్తల పెత్తనమూ వచ్చింది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులం దాటి పెళ్ళి చేసుకున్న యువకుణ్ణి భార్య కళ్ళముందే నరికి చంపారు. ప్రధాన నిందితుడు ఆమె కన్నతండ్రి. అతడు తీర్పుకు ముందే చనిపోగా, 2025 మార్చిలో నల్లగొండ కోర్టు మిగిలిన నిందితులకు శిక్షలు వేసింది. కూతురి మీద ప్రేమ ఉన్నంత మాత్రాన ఆమె మనసు తెలిసినట్టు కాదు.

ఇప్పటికీ మన ఊళ్ళలో పసుపు కుంకుమల పేరిట నాలుగు రూపాయలు చేతిలో పెట్టి, భూమిలో హక్కు వదులుకున్నట్టు ఆడబిడ్డల చేత సంతకాలు పెట్టించుకుంటున్నారు. అన్నలారా, తమ్ముళ్ళారా! ఆ కాగితాన్ని చెల్లెలి ముందు పెట్టే ముందు, అదే కాగితం మీ ముందుకొస్తే సంతకం పెడతారో లేదో ఒక్కసారి ఆలోచించండి.