పావులూరి పద్యంలో ఇరవై అంకెల సంఖ్య

నరసరావుపేట నుంచి చిలకలూరిపేట, పర్చూరు దాటి వెళ్తే ఇంకొల్లు దగ్గర పావులూరు వస్తుంది. పల్నాటికి పొరుగునున్న ఈ ఊరి పేరే ఇంటిపేరుగా గల మల్లన తెలుగులో గణితం రాసిన తొలికవి. ఆయనది రాజరాజనరేంద్రుడి కాలం, అంటే 11వ శతాబ్దమని సాహిత్య చరిత్రకారుల్లో ఎక్కువమంది మాట. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని మల్లన తెలుగు చేశాడు.

ఆయన పేరుతో ఒక చంపకమాల నేటికీ వినబడుతుంది. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో 2, మూడో గడిలో 4, ఇలా 64 గళ్లకూ రెట్టిస్తూ పోతే మొత్తం ఎంత? 18446744073709551615. వెయ్యి వడ్లు 20 గ్రాములు తూగుతాయనుకుంటే ఇవి దాదాపు 37 వేల కోట్ల టన్నులు. నాగార్జునసాగర్ కుడికాలువ ఆయకట్టు సంగతి అటుంచండి, ప్రపంచమంతా కలిసి ఏడాదికి 100 కోట్ల టన్నుల వడ్లు కూడా పండించదు.

ఇదే మొత్తాన్ని క్రీ.శ. 1000 ప్రాంతంలో పండితుడు అల్‌బిరూనీ కూడా లెక్కగట్టాడు. తెలుగు పద్యం గొప్పతనం దాని కూర్పులో ఉంది. అంకెకు బదులు వస్తువు పేరు పెట్టాడు కవి. మన్మథుడి బాణాలు ఐదు గనుక శరమంటే 5, వేదమంటే 4, గగనమంటే సున్న. ఒకట్ల స్థానంతో మొదలై అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. ఇరవై అంకెల్లో ఒకటి జారిపోయినా గణాలు తప్పుతాయి, చదివేవాడికి వెంటనే పట్టుబడుతుంది. రాతప్రతుల కాలంలో పెద్ద సంఖ్యకు ఇంతకంటే గట్టి కాపలా ఏముంటుంది?

ఇక ఆ సంఖ్య లోపలికి వెళ్దాం. అంకెలన్నీ కూడితే 87, కాబట్టి 3తో భాగం పోతుంది, 9తో పోదు. చివర 5 ఉంది గనుక 5తోనూ పోతుంది. అసలు రుచి ఆ తర్వాతే. ఈ సంఖ్య 2⁶⁴ − 1. వర్గాల భేదం సూత్రం పదే పదే వాడితే 3, 5, 17, 257, 65537, 4294967297ల లబ్ధంగా విడిపోతుంది. ఇవి ఫెర్మా సంఖ్యలు. ఈ వరసలోవన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దంలో ఫ్రాన్సు గణితవేత్త ఫెర్మా నమ్మాడు. మొదటి ఐదూ నిజంగానే ప్రధాన సంఖ్యలు. ఆరోది 641 × 6700417 అని 1732లో గణితవేత్త ఆయిలర్ తేల్చాడు. ఫెర్మా నమ్మకం అక్కడే కూలింది. 65537 తర్వాత ఈ వరసలో మరో ప్రధాన సంఖ్య ఇంతవరకు దొరకలేదు.

అంటే మన పద్యంలోని సంఖ్యకు ప్రధాన కారణాంకాలు ఏడు, ఏదీ రెండుసార్లు రాదు. నేటి 64 బిట్ల కంప్యూటరు ఒక్క గదిలో పట్టించగల అతిపెద్ద పూర్ణసంఖ్య కూడా ఇదే.

నరసరావుపేట, మాచర్ల, గురజాల బడుల్లోని లెక్కల మాస్టార్లకు ఒక మనవి. తెలుగు మాస్టారిని తోడు తెచ్చుకుని ఈ పద్యం బోర్డు మీద రాయండి. అంకెలు పిల్లలచేతే విప్పించండి. ఆపైన కాలిక్యులేటర్ లేకుండా ఆ సంఖ్యను 641తో భాగింపజేయండి.